ముసురు దినములలో బాలవినోదము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)

  

రజతోత్సవ సభలలో గ్రంథములను గూర్చియు, గ్రంథకర్తలను గూర్చియు, విద్యాభివృద్ధిని గూర్చియు ప్రసంగములు జరుగుట పరిపాటి. అవి యెల్ల ఉచితములే. అయినను ఇంకను అక్షరములు రాని పాఠకులు ప్రతి గ్రామమునను కొందరుందురు. వారు రెండు మూడేండ్ల మొదలు ఏడెనిమిదేండ్ల లోపు పసివారు. నేటి పసివారే రేపటి చందాదారులు గనుక, వారిని గూర్చి కొంత ముచ్చటించుట ఈ సభకు తగియే యుండును. ముసురు పట్టిన దినములలో, తుపాను కాలములో, ఇంటి లోపల వారికి ప్రొద్దు పుచ్చుట యెట్లు అనునది ఈనాటి విషయము.

ఇది విని, ‘ఇదియు నొక ఉపన్యాస విషయమా?’ యని కొందరు నవ్వుకొనవచ్చును. కాని కోనసీమలో కాపురముండు వారికి ఇది నవ్వులాట కాదు. ఒకవైపు గౌతమి, మరియొకవైపు వసిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణమున సముద్రము. ఇన్ని నీళ్ల నడుమ నిలిచిన గడ్డ యిది. జ్యేష్ఠము మొదలు భాద్రపదము వరకు నైరృతి ఋతుపవనముల వానలు. ఆషాఢ శ్రావణములలో ఎగువనుండి గోదావరి వరద. ఆశ్వయుజ కార్తికములలో తుపాను భయము. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగుల మట్టమున కెక్కెను. 2022 జులైలో మరల 71.3 అడుగులు చేరెను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను ఈ సీమ కొబ్బరితోటలను నేలమట్టము గావించి, గోదావరి జిల్లాలలో వేయిమందికి పైగా జనుల ప్రాణములను గొనెను. 2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి ‘మొంథా’ తుపాను నర్సాపురము చేరువను తీరము దాటెను. ఇట్టి దినములలో బడులు మూతపడును. పిల్లలకు సెలవు. పెద్దలకు మాత్రము పని రెట్టింపు. పశువులను మెరకకు తోలవలెను. ధాన్యము తడియకుండ చూచుకొనవలెను. కారుచున్న కప్పు క్రింద గిన్నె పెట్టవలెను. తడి కట్టెలతో పొయ్యి రాజేయవలెను. ఆ తొందరలో పసివాని వంక చూచు కన్ను ఒక్కటియు ఖాళీగా నుండదు.

చిక్కంతయు ఇక్కడనే కలదు. ఈ సీమలో ఇంటి ముంగిట కాలువ, పెరటిలో గుంట, వీధి చివర బోదె. మంచి దినములలో ఈ మూటికిని గట్లు కనబడును. వాన దినమున గట్టెక్కడనో, నీరెక్కడనో పెద్దలకే తెలియదు. పసివానికి నీరు భయంకరముగా తోచదు, ఆటవస్తువుగా తోచును. కాగితపు పడవను విడిచిన బాలుడు పడవతోపాటు రెండడుగులు ముందుకు వేయును. ఆ రెండడుగులే కొన్ని ఇండ్లలో తీరని శోకమునకు కారణమైనవి.

ఇది ఈ సీమకే పరిమితమైన మాట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో లోకమంతట దాదాపు 3 లక్షల మంది నీట మునిగి మరణించిరి. వారిలో దాదాపు నాలుగవ వంతు ఐదేండ్ల లోపు పిల్లలు. కోనసీమవలెనే నదులును గుంటలును నిండిన బంగ్లాదేశములో ఈ విషయమును శ్రద్ధగా పరిశీలించిరి. ఉదయము తొమ్మిది గంటల మొదలు మధ్యాహ్నము ఒంటిగంట వరకు, తల్లి వంటపనిలోను తండ్రి పొలములోను ఉన్న వేళ, పసివారికి ఎక్కువ గండమని తేలెను. అందుపై ఆ గ్రామములలో, ఆ నాలుగు గంటలును ఊరిలోని ఒక స్త్రీ తన ఇంటనే చుట్టుప్రక్కల పసివారిని కూర్చుండబెట్టుకొని ఆడించునట్లు ఏర్పాటు చేసిరి. ఆ కేంద్రములకు ‘ఆంచల్’ అని పేరు. ఆంచల్ అనగా చీరకొంగు. తల్లి కొంగు చాటున ఉన్నట్లుండుట యని భావము. ఆ కొంగు చాటున నున్న పిల్లలలో మునక మరణములు ఐదింట నాలుగు వంతులకు పైగా తగ్గినవి. ఖరీదైన యంత్రము లేదు, గొప్ప భవనము లేదు. చూచు కన్ను, ఆడించు మనసు; ఇవియే ఆ పని చేసినవి.

పిల్లవానిని లోపల నుంచి గడియ వేసిన చాలదా యని అడుగవచ్చును. గడియ తలుపును మూయును గాని కోరికను మూయదు. ఏమియు తోచని పిల్లవాడు తలుపు సందులో కన్ను పెట్టి కూర్చుండును. ఎవరో ఒకరు తలుపు తీయు క్షణమునకై కాచియుండును. చేతినిండ ఆట యున్న పిల్లవాడు తలుపు తీసి యున్నను తల త్రిప్పి చూడడు. కావున తుపాను దినమున ఆట గడియ కంటె గట్టి కాపు. ఈ ప్రసంగములో చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదియే: వాన దినమున పిల్లవానికి ఆట కల్పించుట ముద్దు తీర్చుట కాదు, రక్షించుట.

ఇందులకు మన పురాణములలో ఒక గొప్ప దృష్టాంతము కలదు. భాగవతము దశమ స్కంధములో ఇంద్రుడు కోపించి వ్రేపల్లెపై ఏడు దినములు ఎడతెగని రాళ్లవాన కురిపించిన కథ అందరును ఎరిగినదే. కృష్ణుడు గోవర్ధనగిరి నెత్తి గొడుగుగా పట్టెను. ఆ క్రిందికి గోవులు, బండ్లు, గోపకులు, గోపికలు, పసిపిల్లలు అందరును చేరిరి. అప్పటికి కృష్ణుని వయస్సు ఏడేండ్లు. ఆ ఏడు దినములును వారు ఆకలి దప్పులను మరచి కృష్ణుని చూచుచు నిలిచిరని మూలమున చెప్పబడినది. కొండ వారిని వాననుండి కాపాడినది. భయమునుండి కాపాడినది మాత్రము చూచుటకు దొరికిన నవ్వుమోము. ప్రతి ఇంటిలోను పిల్లవాడు ఉరుము వినగానే ఆకాశము వంక చూడడు. తల్లి ముఖము వంక చూచును. ఆ ముఖము చెదరకున్న తానును చెదరడు. కావున ఆటవస్తువుల కన్న ముందు కావలసినది తోడు. తోడు లేని ఆటవస్తువు గడియసేపులో మూలబడును. తోడున్న చోట చింతపిక్క కూడ రత్నమగును.

ఇక ఆటల మాట. వీనిని అంగడిలో కొననక్కరలేదు. చాలవరకు ప్రతి ఇంటను ఉన్నవే. వామనగుంటల పీట యున్న సరే. లేకున్న సుద్దముక్కతో నేలపై ఏడేసి చొప్పున రెండు వరుసలు, పదునాలుగు సున్నలు చుట్టిన చాలును. ఒక గుంటలోని పిక్కలన్నియు చేత తీసి తరువాతి గుంటలలో ఒక్కొక్కటి చొప్పున పంచుకొనుచు పోవుట ఈ ఆట. చూచుటకు ఆట, నిజమునకు పిల్లవాని మొదటి చిట్టాపుస్తకము. వచ్చినదెంత, పోయినదెంత, నిలువ యెంత యని వ్రేళ్లతో నేర్చుకొనును. ఎక్కడ దించిన ఎక్కడ చేరునో ముందుగా మనసున లెక్కించుకొనును. జమా ఖర్చు నిలువలు ఇంత సంతోషముగా నేర్పు బడి వేరొకటి లేదు.

అష్టాచెమ్మలో నాలుగు గవ్వలు, ఇరువదియైదు గళ్లు. నాలుగును వెల్లకిల పడిన చెమ్మ, అనగా నాలుగు. నాలుగును బోర్ల పడిన అష్ట, అనగా ఎనిమిది. ఐదేండ్ల పిల్ల ఈ లెక్కను ఒక్క మధ్యాహ్నములో పట్టుకొనును. పులిమేకలో మూడు పులులు, పదునైదు మేకలు. బలముగలది ఒక్కొక్కటిగా తినునని, బలము లేనివి కలిసి నిలిచిన పులిని కట్టివేయునని ఆ ఆట నేర్పును. పెద్దన్న పులులు పట్టుకొని, చిన్నపిల్లలిద్దరు కలిసి మేకలు నడిపిన, ఇంటిలోని తగవు సగము తీరును. అచ్చనగండ్లకు ఐదు రాళ్లు చాలును; అవి చేతికి కంటికి పొందిక నేర్పును. ఒక్క హెచ్చరిక మాత్రము మరువరాదు. మూడేండ్ల లోపు పిల్లల చేతికి పిక్కలు, గవ్వలు, గచ్చకాయలు ఈయరాదు. వారు వానిని నోటనో ముక్కుననో పెట్టుకొందురు. తుపాను దినమున వైద్యుని వద్దకు దారియుండదు. వారికి గరిటె, కొబ్బరిచిప్ప, పెద్ద గిన్నెలు ఇచ్చి, ఒకదానిలో నొకటి పేర్చుట, తీయుట చూపవలెను. ఆ చప్పుడును ఇంటివారు కొంత ఓర్చుకొనవలెను.

కోనసీమ పిల్లలకు కొబ్బరిచెట్టే ఆటబొమ్మల అంగడి. కొబ్బరాకుతో గాలిగిరక, బూర, పాము, చేతి గడియారము, చిలుక చేయుట ఈ సీమలో ముసలివారికి ఇప్పటికిని చేతనగును. పడుచువారిలో చాలమందికి చేతకాదు. వాన దినము ఆ విద్య చేతులు మారవలసిన దినము. తుపాను హెచ్చరిక వినగానే బియ్యము, కిరోసిను సమకూర్చుకొన్నట్లే నాలుగు పచ్చి కొబ్బరాకులను చూరు క్రింద దాచుకొనవలెను. తాత ఆకును మడచుచుండ మనుమడు చూచును. రెండవ మారు తాను మడచును. మూడవ మారు చెల్లెలికి నేర్పును. రెండు కొబ్బరిచిప్పలు, ఒక కర్రపుల్ల, కొంత పురికొస యున్న తక్కెడ సిద్ధము. దానితో పిల్లలు అంగడి పెట్టుదురు. చింతపిక్కలు కందులగును, ఇసుక పంచదార యగును.

ఇంటిలోని కొలపాత్రలు కూడ ఆటకు పనికివచ్చును. పాత సోల, తవ్వ, మానిక అటకపై నున్న దించి, పిల్లలకు కొంచెము బియ్యమిచ్చి కొలువమనవలెను. నాలుగు గిద్దలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. వర్తకములో ఈ కొలతలు ఇప్పుడు చెల్లవు. లీటరు, కిలోగ్రాము వానిని తొలగించినవి. అయినను సగము, సగములో సగము అను భావమును చేతితో పట్టి చూచుటకు వీనికి సాటి లేదు. గిద్దతో పోసి పోసి మానిక నింపిన పిల్లకు, పదునారు గిద్దలు మానిక యని ఎవరును చెప్పనక్కరలేదు, తానే చెప్పును.

వంటయింటి పనిలో కూడ వినోదము కలదు. వేసవిలో తిన్న పనసపండు పిక్కలను మట్టి పట్టించి దాచు అలవాటు ఈ సీమలో ఉన్నది. ముసురు వేళ వానిని నిప్పులలో కాల్చిన ఇల్లంతయు కమ్మని వాసన. కాల్చుటకు ముందు ప్రతి పిక్కకు కత్తితో చిన్న గాటు పెద్దలు పెట్టవలెను. లేనిచో ప్రేలి కంటిమీదికి ఎగురును. కాలిన పిక్కల తొక్క ఒలుచుట పిల్లల వంతు. ఎవరి వంతు కెన్ని యని పంచుట కూడ వారికే విడిచిన, అన్యాయము చేయు పిల్లవాడు అరుదు. నలుగురు చూచుచుందురు కదా!

కాళ్లకు పని లేక పిల్లలు నిదుర పట్టక రాత్రివేళ సతాయింతురు. మూడు నాలుగేండ్ల పిల్లలకు దినమునకు మొత్తము మూడు గంటలైనను శరీరము కదలు ఆట ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించెను. పూర్వపు మండువా లోగిళ్లలో నడుమ వాన పడుచుండగా చుట్టు వసారాలో పిల్లలు పరుగిడుచుండెడివారు. నేటి ఇండ్లలో అంత చోటు లేదు. అయినను చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, దాగుడుమూతలు రెండు గదుల ఇంటిలో కూడ ఆడవచ్చును. నేల తడిగా నున్నచో ముందుగా తుడిచి, గోనెపట్టా పరచవలెను.

ఒడలు అలసిన తరువాత కూర్చుండి ఆడు ఆటలు. పొడుపు కథలకు ఖర్చు లేదు. కొబ్బరిచెట్టునుండి వచ్చు వస్తువులు పది చెప్పుమనిన పిల్లలు ఇరువది చెప్పుదురు. కన్నులు మూసికొని వాన చప్పుడు వినుమనవలెను: పెంకుపై నొక తీరు, తాటాకుపై నొక తీరు, రేకుపై నొక తీరు, అరటియాకుపై వేరొక తీరు. ఏది యేదో పోల్చినవాడు గెలిచినట్లు. అంతవరకు భయపెట్టిన చప్పుడే అప్పుడు ఆటయగును.

కొంచెము పెద్దపిల్లలకు ‘వానలెక్క’ అప్పగింపవచ్చును. అడుగు చదునుగాను అంచులు నిట్టనిలువుగాను ఉన్న డబ్బాను ఉదయము ఎనిమిదిన్నరకు వాకిట ఆరుబయట పెట్టి, మరునాడు అదే వేళకు పెద్దలు లోపలికి తేగా, పిల్లలు స్కేలుబద్దతో నీటి లోతు కొలిచి పుస్తకములో వ్రాయవలెను. వాతావరణ శాఖవారు దినపు వర్షమును లెక్కకట్టుటయు ఉదయము ఎనిమిదిన్నరకే. వారి లెక్కలో 64.5 మిల్లీమీటర్లు మొదలు భారీ వర్షము, 115.6 మొదలు అతిభారీ, 204.4 దాటిన అత్యంత భారీ. రేడియోలో ఆ మాట విన్నపుడు, తమ డబ్బాలో ఎంత నీరున్నదో ఆ పిల్లలు చూచుకొందురు. కొలిచిన దానిని గూర్చి భయము తగ్గును.

కథలమాట చెప్పవలసిన పనియే లేదు. పంచతంత్రములో విష్ణుశర్మ చదువు వంటబట్టని ముగ్గురు రాకుమారులను ఆరు మాసములలో నీతికోవిదులను గావించెను. సాధనము కథ ఒక్కటియే. అందలి మిత్రలాభ మిత్రభేదములను చిన్నయసూరి 1853లో ‘నీతిచంద్రిక’గా తెలుగువారి కందించెను. ఒక కథలో నొక కథ, దానిలో మరియొకటి చొప్పించు ఆ పద్ధతి ముసురు దినమునకే పుట్టినట్లున్నది, ‘అదెట్లు?’ అని పిల్లవాడు అడుగుటయు, కథ సాగుటయు, వాన వెలియుటయు తెలియదు.

సెల్‌ఫోను ఉండగా ఇంత శ్రమ యేల యని నేటి తల్లిదండ్రులు అడుగుదురు. వారి అలసట నిజమైనదే; నిందింప పనిలేదు. అయినను రెండేండ్ల నుండి నాలుగేండ్ల పిల్లలకు దినమున కొక గంటకు మించి తెర చూపరాదనియు, ఎంత తక్కువైన అంత మేలనియు, ఏడాది లోపు వారికి అసలు చూపరాదనియు ఆ సంస్థయే చెప్పెను. అది యట్లుండనిండు. తుపాను వచ్చిన మొదటి గడియలోనే విద్యుత్తు పోవును. అప్పుడు ఫోనులో మిగిలిన కొంచెము బలము సహాయము పిలుచుటకు దాచుకొనవలసినది. ఆ ఒక్క వినోదమే ఎరిగిన పిల్లవాడు ఆ చీకటిలో అన్ని విధముల దిక్కులేనివాడగును.

ఆ చీకటిరాత్రిని గూర్చి ఒక మాట. 1996 నాటి పసివారు నేడు తల్లిదండ్రులు. అట్టి రాత్రి పిల్లలతో అబద్ధమాడరాదు. ‘ఏమియు లేదు’ అనరాదు. గాలి వినబడుచునే యున్నది కదా! ‘పెద్ద గాలి వచ్చినది, మనమందరమును కలిసియున్నాము, తెల్లవారు లోపల తగ్గును’ అనవలెను. దయ్యముల కథలు చెప్పి నోరు మూయింపరాదు. చేతనైన చిన్న పని యొకటి అప్పగింపవలెను: చెల్లెలి చేయి పట్టుకొనుట, టార్చిలైటు కాపాడుట, మూటలు లెక్కించుట. పనియున్న పిల్లవానికి భయపడుటకు తీరిక తక్కువ. తుపాను రక్షణ భవనమునకు తరలిపోవలసి వచ్చినపుడు బియ్యపు మూటతోపాటు పిల్లల సంచి యొకటి ఉండవలెను: నాలుగు గవ్వలు, సుద్దముక్క, రెండు పుస్తకములు, పిల్లవానికి మక్కువైన దుప్పటి. అచ్చట చేరిన పదిమంది పిల్లలకు ఆ ఒక్క సంచి చాలును.

తుదకు గ్రంథాలయము చేయవలసిన పని. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో గ్రంథాలయముల మహాసభ జరిపించిన అయ్యంకి వెంకటరమణయ్యగారు తూర్పుగోదావరి జిల్లావారే. 1935లో కృష్ణా కాలువపై పుస్తకములను పడవలో నింపుకొని పాఠకుని రేవునకు చేర్చిన నౌకా గ్రంథాలయము నడిచెను. పాఠకుడు రాలేని నాడు పుస్తకమే వెళ్లవలెనను ధర్మము ఈ ఉద్యమములో మొదటినుండియు ఉన్నది. వాన దినమున రాలేని పాఠకులలో మొదటివారు పసివారు.

కావున ఈ రజతోత్సవ సందర్భమున రెండు పనులు ఈ సభ ఆలోచింపదగియున్నవి. మొదటిది ‘ముసురు పెట్టె’. ఒక్కొక్క వీధికి ఒక రేకుపెట్టె. అందులో వామనగుంటల పీట, అట్టపై గీచిన పులిమేక, అష్టాచెమ్మ పటములు, గవ్వలు, సుద్దముక్కలు, పది పిల్లల పుస్తకములు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో నెలకొల్పిన ‘బాల’, 1947 జులైలో మొదలైన ‘చందమామ’ ఇప్పుడు వెలువడుట లేదు. వాని పాత సంచికలు, చింతా దీక్షితులుగారి ‘లక్కపిడతలు’ వంటివి ఎవరి ఇంట నున్నను గ్రంథాలయమున కిచ్చిన పుణ్యము. తుపాను హెచ్చరిక వెలువడిన నాడే పెట్టెలు వీధులకు చేరవలెను. వాన వెలిసిన పిమ్మట తిరిగి రావలెను. పోయిన గవ్వలకు అపరాధ రుసుము వసూలు చేయరాదు.

రెండవది వీధికొక కొంగు. ముసురు దినములలో తొమ్మిది మొదలు ఒంటిగంట వరకు, గట్టి కప్పుగల ఇంటి వసారాలో, ఆ వీధి పసివారిని కూర్చుండబెట్టుకొని ఆడించుటకు ఒక అవ్వయో, పెద్దమ్మయో, బడికి సెలవైన పెద్దపిల్లయో పూనుకొనవలెను. అట్టివారి పేర్లు వానకాలమునకు ముందే గ్రంథాలయపు గోడపై వ్రాసియుంచవలెను. ఇందులకు ధనము చాల తక్కువ కావలెను. మనసు మాత్రము ఎక్కువ కావలెను.

ఇరువదియైదేండ్లలో గ్రంథాలయమునకు ఎన్ని పుస్తకములు చేరినవో, ఎంతమంది చందాదారులైరో లెక్క పుస్తకమున ఉన్నది. కాలువ గట్టునకు పోక వసారాలో కథ వినుచు కూర్చున్న పిల్లలు ఎందరో ఏ పుస్తకమును చెప్పలేదు. జరుగని కీడునకు పద్దు లేదు. అయినను రాబోవు ఇరువదియైదేండ్లలో ఈ గ్రంథాలయము గడింపదగిన నిలువ అదియే.

సర్వే జనాః సుఖినో భవంతు. స్వస్తి.